ఊరుకున్నప్పటి బొమ్మ

జూలై 8, మంగళవారం

ఉల్లిపొట్టు రంగు. ఉల్లిపొట్టు రంగు. ఇప్పుడు చూడు, ఫోన్ మీద వేలు పెట్టగానే ఎలా వచ్చేసిందో.

మధ్యాహ్నం షాపులో మాత్రం రాలేదు. శ్రీనగర్ కాలనీ నుంచి ఎప్పుడూ వచ్చే మేడమ్ కవర్లోంచి చీర తీసి కౌంటర్ మీద పరిచింది. చూడగానే నా చెయ్యి పై అరలోకి వెళ్ళింది, సరైన బట్ట తానునే లాగింది. 'ఇది ఉల్లిపొట్టు రంగమ్మా, దీని మీదికి పింక్ జాకెట్ వేస్తే చీర చచ్చిపోతుంది' అని ఎప్పుడూ చెప్పేదే చెప్పబోయాను. నోరు తెరిచాను. అంతే. మాట ఎక్కడుందో తెలుసు, ఏ అరలో ఉందో తెలుసు, చేతికి మాత్రం అందదు. ఆవిడ నా మొహం చూస్తోంది, నేను ఆవిడ మొహం చూస్తున్నాను. కాసేపటికి వదిలింది. ఆవిడ నాకు పొగరు అనుకుందేమో, చీర అంచుకు కుట్టే ఫాల్ కూడా కొనకుండా వెళ్ళిపోయింది.

నాగేశ్వరి అంతా చూసింది. నా షాపులో పనికి చేరినప్పటి నుంచీ దాని కళ్ళు నా మీదే. "అక్కా, నీ మూతి ఓ దిక్కు గుంజింది" అంది. పొద్దున టిఫిన్ చేయలేదు, గ్యాస్ అని చెప్పాను. నిజంగానే చేయలేదు.

ఎవరికీ చెప్పను. అమీర్‌పేటలో ఇన్ని మ్యాచింగ్ సెంటర్లు ఉండగా జనం నా దగ్గరికి ఎందుకొస్తారు? బట్ట అందరిదీ ఒకటే. నా దగ్గర నోరుంది. ఆ నోరు ఆగిందని తెలిస్తే ఇంకేముంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

గ్యాసే.

జూలై 11, శుక్రవారం

మళ్ళీ వచ్చింది. ఆటోవాడికి దారి చెప్పబోతుంటే. ఈసారి టిఫిన్ చేశాను.

జూలై 15, మంగళవారం

నాగేశ్వరి మా ఆయనకు చెప్పేసింది. దాన్ని తిట్టాను, తర్వాత టీ తెప్పించాను.

ఆయన సంగతి రాయాలంటే ఒక్క వాక్యం చాలు: శాంతిరాజు, సనత్‌నగర్ వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని, మాట్లాడరు. కోపంతో కాదు, ఆయన అంతే. మా అమ్మాయి లోయిస్ పెళ్ళికి కూడా వియ్యంకులతో నేనే మాట్లాడాను, ఆయన పక్కన కూర్చుని తల ఊపారు. నిన్న మాత్రం వర్క్‌షాపుకు వెళ్ళకుండా చొక్కా మార్చుకుని నిలబడి, "పోదాం పా, పంజాగుట్ట దవాఖానకు" అన్నారు. నాకు చెప్పిన మాట అదొక్కటే. నేను దారంతా గ్యాస్ గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

స్కాన్ తీశారు. ఈ రోజు పిలిచి చూపించారు. తల లోపల, ఎడమ వైపు, తెల్లటి మచ్చ. నెమ్మదిగా పెరిగే రకమట, ఎప్పటి నుంచో ఉండి ఉంటుందట. డాక్టర్ విజయేందర్ మన వైపు మనిషే, మాట వినగానే ధైర్యం వచ్చింది. తీసేయొచ్చు అన్నారు. కానీ అది కూర్చున్న చోటు మాట పుట్టే చోటుకు దగ్గర. తీసేటప్పుడు మాటకు దెబ్బ తగలకూడదు. అందుకని ముందు నా మాట ఎక్కడుందో మ్యాప్ వేయాలి.

అందరికీ ఒకే చోట ఉండదా సార్ అని అడిగాను.

"అంచనాకు ఒక్క దిక్కే ఉంటదమ్మా. కాని ఇంచు పక్కకు, ఇంచు కిందికి, ఎవరిది వాళ్ళదే. మీ అమీర్‌పేట గల్లీలు పుస్తకంల చదివినోనికి తెలుస్తయా? తిరిగినోనికి తెలుస్తయి. మీ తలల గల్లీలు నాకు తెల్వాలె."

మా ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గోళ్ళలో నూనె మరక. నేను డాక్టర్‌తో శ్రావణం దాటాక చేయించుకుంటాను సార్, సీజన్ అన్నాను. ఆయన నా వైపు తిరిగి చూశారు, అంతే.

గ్యాస్ కాదు.

జూలై 19, శనివారం

మ్యాప్ స్కాన్ అయ్యింది. బాగా జరిగింది.

పెద్ద మిషన్, మామూలు దానికన్నా సన్నగా, వివరంగా చూపిస్తుందట. లోపలికి వెళ్ళే ముందు ఇనుము ఏదీ ఉండకూడదని అన్నీ తీయించారు. బట్టల షాపు దాన్ని, ఒంటి మీద ఎన్ని పిన్నులు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకే తెలియదు. జాకెట్‌కు ఒకటి, కొంగుకు ఒకటి, కుచ్చిళ్ళ మడతలో ఒకటి. ఒక్కోటి తీస్తుంటే అక్కడి సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయింది.

చూసుకునే పిల్ల పేరు హరిణి. ఆంధ్రా వైపు మాట, ప్రతిదానికీ గారు, అండి. తల అస్సలు కదపకూడదండి, సరేనా అంది. నేను తల ఊపాను. మిషన్ లోపలికి పంపి చెవుల్లోకి మాటలు పంపింది: సుమిత్ర గారూ, వినపడుతోందా? తల ఊపాను. మీరు తల ఊపారండి, మొదటి నుంచి మళ్ళీ చేద్దాం, సరేనా? మళ్ళీ ఊపాను. ఏం చేయను, కౌంటర్ వెనక నిలబడి ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ తల ఊపిన మెడ ఇది. చివరికి తలకు రెండు వైపులా స్పాంజీలు కుక్కారు. తాను అరలో ఇరికించినట్టు ఇరుక్కున్నాను, అప్పుడు కుదిరింది.

పని తేలికే. కళ్ళ ముందు అద్దంలో బొమ్మలు వస్తాయి. గొడుగు, కత్తెర, ఏనుగు, తాళంచెవి. పెదవి కదపకుండా మనసులో పేరు చెప్పుకోవాలి. కొన్ని బొమ్మలయ్యాక ఒక గుర్తు వస్తుంది, అప్పుడు ఏమీ చేయకుండా దాన్ని చూస్తూ ఊరికే ఉండాలి. మళ్ళీ బొమ్మలు. మళ్ళీ గుర్తు.

ఆ గుర్తు వచ్చినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. నల్లటి తెర మీద తెల్లటి సిలువ. మా ఆయన పేరు చూసో, బొట్టు లేని నా నుదురు చూసో మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని కనిపెట్టి, నాకోసం సిలువ పెట్టించింది ఆ పిల్ల. నుదుటన బొట్టు పెట్టుకున్న పిల్ల, ఎంత మంచి మనసు. ఆ మిషన్ చప్పుడు రేకుల షెడ్డు మీద రాళ్ళు కురిసినట్టు ఉంది. అయినా సిలువ వచ్చినప్పుడల్లా ప్రభువును పట్టుకుని ఉన్నాను, భయమే లేదు. మధ్యలో బొమ్మలు వస్తుంటే చిరాకేసింది.

బయటికి వచ్చాక థాంక్యూ అమ్మా అని దాని చెయ్యి పట్టుకున్నాను. దేనికో దానికి అర్థం కాలేదు.

జూలై 20, ఆదివారం

చర్చిలో సాక్ష్యం చెప్పాలనుకున్నాను, సిలువ సంగతి. ఆపరేషన్ అయ్యాక చెబుదామని ఆగాను.

జూలై 24, గురువారం

మ్యాప్ రాలేదు.

స్కాన్ వచ్చింది, నా మెదడు ముడతలన్నీ మంచి జరీ పనిలా స్పష్టంగా ఉన్నాయి. మాటే కనపడటం లేదు. డాక్టర్ గారు కంప్యూటర్ మా వైపు తిప్పి చెప్పారు. మాట్లాడుతున్నప్పటి బొమ్మ ఒకటి, ఊరుకున్నప్పటి బొమ్మ ఒకటి తీస్తారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తారు. చూపు, చప్పుడు, ఊపిరి, రెండిట్లోనూ ఉన్నదంతా పోతుంది. మిగిలేదే మాట.

"మీకు తీసేస్తే ఏం మిగుల్తలేదమ్మా" అన్నారు.

మచ్చ వల్ల అక్కడి రక్తం నడక మారి ఉండొచ్చట, అప్పుడు మిషన్‌కు తెలియదట. లేకపోతే మాట ఇంకెక్కడికో చెదిరి ఉండొచ్చట. ఇంకోసారి తీద్దాం అన్నారు. అప్పటికీ రాకపోతే లోపలికి వెళ్ళాకే వెతుక్కోవాలి. తెలియని చోట భయంతో తక్కువైనా తీస్తాను, పొరపాటున ఎక్కువైనా తీస్తాను అన్నారు. దాచకుండా చెప్పారు, అది నచ్చింది.

ఊరుకోమన్నప్పుడు ఊరుకున్నారా అని అడిగారు. ఊరుకున్నాను సార్ అన్నాను. నిజమే కదా. పెదవి కూడా కదపలేదు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ కాస్త దూరం మా ఆయన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. జనం చూస్తారని నేను లాక్కోబోయాను, వదలలేదు.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి శుక్రవారం. కౌంటర్ దగ్గర నిలబడటానికి చోటు లేదు. మాట ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్కసారి ఆగింది.

ఆ మిషన్‌లో నేను ఊరుకునే ఉన్నాను.

జూలై 29, మంగళవారం

హరిణి పిలిచింది, రెండోసారి తీసే ముందు కూర్చుని మాట్లాడదాం అని. ఆ పిల్లకు కూడా నిద్ర లేనట్టుంది. తన పనిలో ఏదైనా తప్పు జరిగిందా అని అన్నీ మొదటి నుంచి చూసుకుందట. బొమ్మలు వచ్చినప్పుడు ఏం చేశారో చెప్పండి అంది. చెప్పాను. గుర్తు వచ్చినప్పుడు? ఊకున్న అన్నాను.

"మనసులో కూడానా అండీ?"

"మనసుల ప్రార్థన చేసుకున్న."

హరిణి పెన్ను కింద పెట్టింది. "ఎప్పుడు?"

"నువ్వు సిలువ చూపించినప్పుడల్లా. ఎంత మంచిగ చేసినవు బిడ్డా, నేను చర్చిల సుత చెప్దామనుకున్న."

హరిణి మెల్లగా, నొప్పించకుండా చెప్పింది. అది సిలువ కాదండీ, ప్లస్ గుర్తు. చూపు అటూ ఇటూ పోకుండా ఉండటానికి ఎవరొచ్చినా అదే పెడతాం. ప్రార్థనలో ఏమనుకున్నారు, మాటలతోనా అని అడిగింది.

మాటలతో కాకపోతే దేనితో చేస్తారు? కీర్తన మొత్తం చెప్పుకున్నాను. లోయిస్ కోసం, ఆయన కోసం, నాగేశ్వరి మోకాళ్ళ కోసం, షాపు కోసం, డాక్టర్ చేతి కోసం. హరిణి వింటూ తల మీద చెయ్యి పెట్టుకుంది. బొమ్మలప్పుడు ఒక్కో మాట అనుకున్నాను, ఊరుకోమన్నప్పుడు అంతకు మించి మాట్లాడాను. తీసేస్తే ఏం మిగులుతుంది?

నాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గేసింది. మచ్చ కాదు, రక్తం కాదు. నేనే. ప్రార్థనను మాట అని నేను ఎప్పుడూ అనుకోలేదు. అది లోపల నడుస్తుంటుంది, ఊపిరిలాగా. ఊపిరి ఆపమంటే ఆపుతామా?

"ఈసారి చుక్క పెడతానండీ" అంది హరిణి. "గుండ్రటి చుక్క. దాన్ని చూస్తూ నిజంగా ఊరుకోవాలి."

సరే అని తల ఊపాను.

జూలై 31, గురువారం

కుదరటం లేదు.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ గోడ మీద టైలర్ సుద్దతో చుక్క పెట్టి చూస్తూ కూర్చున్నాను. ప్రభువా అని వచ్చింది. వద్దు అనుకున్నాను. ఆ వద్దు కూడా మాటే. వంటకు బెండకాయలు ఉన్నాయా అని వచ్చింది. ఎదురు మెడికల్ షాపు వాడి బోర్డు మీద ఎర్ర ప్లస్ ఉంది, దాన్ని చూస్తే మళ్ళీ ప్రార్థన. లోపల ఇంత సంత ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. నాగేశ్వరి వచ్చి గోడ మీద ఏంది అక్కా అని కొంగుతో తుడిచేసింది.

ఇంకో సంగతి ఇక్కడే రాస్తాను. ఆ గొట్టంలో పడుకుని ప్రభువును పిలవకుండా ఉండాలంటే భయంగా ఉంది. అక్కడే కదా పిలవాల్సింది. 'నువ్వు కాసేపు బయట నిలబడు' అని ఆయనతో ఎలా చెప్పను? పిలవకుండా ఉండే శక్తి ఇవ్వమని రాత్రి ఆయన్నే అడిగాను.

ఆగస్టు 2, శనివారం

సాయంత్రం అన్నం తింటూ మా ఆయన్ని అడిగాను. నువ్వు మాట్లాడకుండా కూర్చున్నప్పుడు లోపల ఏమనుకుంటవు అని. ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న. నాకు తీరిక ఎక్కడిది, నేనే మాట్లాడుతుంటే.

చాలా సేపు ఆలోచించారు. ముద్ద చేతిలోనే ఉంది.

"ఏం అనుకోను. మిషన్ మీద ఇనుము తిరుగుతుంటది. పొట్టు లేస్తుంటది. అది చూస్తుంట."

"గంతేనా?"

"గంతే. నువ్వు సుత ఉంటవు కద అట్ల."

"నేనా? ఎప్పుడు?"

"చీర పట్టుకొని గుమ్మం కాడ ఎండల నిలబడ్తవు సూడు. మొన్న నేను వచ్చి పేరు పెట్టి పిలిచిన. పలుకలే."

నాకు గుర్తే లేదు. నిజమేనేమో. షేడ్ కలిసే దాకా నేను ఎవరి మాటా వినను. లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది, అప్పుడు కళ్ళు తప్ప ఇంకేమీ పని చేయవు. కలిశాక నోరు మొదలవుతుంది.

ఆయన పెరుగు వేసుకున్నారు. నేను వేసుకోవడం మర్చిపోయాను.

ఆగస్టు 5, మంగళవారం

రెండో స్కాన్ అయ్యింది.

చుక్క రాగానే ఒక చీర తలుచుకున్నాను. చాన్నాళ్ళ కింద ఒకామె తెచ్చింది, వాళ్ళ అమ్మదట. అడ్డం పోగు ఒక రంగు, నిలువు పోగు ఒక రంగు, మడత తిప్పితే మూడో రంగు. దానికి పేరు లేదు, నెమలి కంఠమూ కాదు, వంకాయా కాదు. ఎన్ని తానులు పెట్టినా కలవలేదు, ఆమెను ఉత్త చేతులతో పంపించాను. ఆ చీరను గుమ్మంలో ఎండలోకి తెచ్చి తిప్పాను. ఒక తాను పక్కన పెట్టాను, కాదు, తీసేశాను. ఇంకోటి. బొమ్మలు వస్తే పేర్లు చెప్పుకున్నాను. చుక్క వస్తే మళ్ళీ గుమ్మంలోకి. చప్పుడు ఉందో లేదో కూడా తెలియలేదు.

హరిణి బయటికి లాగి, బాగా చేశారండి అంది.

ప్రభువును పిలవలేదు. ఆయన వెళ్ళిపోయినట్టు మాత్రం అనిపించలేదు. ఇంతకన్నా రాయడం నాకు రాదు.

ఆ చీరకు మాత్రం ఇప్పటికీ ఏ తానూ కలవలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. కాళ్ళు వాచాయి. అందరికీ జాకెట్ ముక్కలే కావాలి. ఆయన సాయంత్రం పని నుంచి వచ్చి షట్టర్ వేయించారు.

ఆగస్టు 11, సోమవారం

నా మాటను చూశాను.

బూడిద రంగు మెదడు మీద క్యారెట్‌లాంటి గజ్జరి రంగు మరకలు రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చాలా మందిలో ఆ పెద్దది ఉండే చోటు కాదట నాది, కాస్త కిందికి, వెనక్కి జరిగి ఉంది. జరిగి వచ్చి సరిగ్గా ఆ మచ్చ పక్కనే ఆనుకుని ఉంది. పుస్తకం నమ్ముకుని వెళ్ళి ఉంటే ఆ దారిన ధైర్యంగా కోసుకుంటూ పోయేవాడిని అన్నారు డాక్టర్ గారు.

ఇప్పుడు రెండు దారులు. మాటను ఆనుకున్న ఆ అంచు వరకూ మొత్తం తీసేస్తే చాలా ఏళ్ళు నిశ్చింత, కానీ మాట కొంతో, ఎంతో పోతుంది. అంచు వదిలేస్తే మాట ఉంటుంది, వదిలిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ పెరుగుతుంది. ఎప్పుడో చెప్పలేరు. ఆలోచించుకుని రండి అన్నారు.

అప్పుడు మా ఆయన మాట్లాడారు. డాక్టర్ దగ్గర మొదటిసారి.

"మొత్తం తీయుండ్రి సార్. మాట పోతె పోనియ్యుండ్రి. మనిషి ఉండాలె."

నేను కుర్చీలోంచి లేచి వచ్చేశాను. మెట్రోలో, ఇంటి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో గిన్నెలు తోముతూ అడిగేశాను.

"నా మాట గంత సులువుగ ఇచ్చేసినవు. నీకు భారమైందా?"

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"నాకు మాటలు రావు సుమిత్ర. ఈ ఇంట్ల మాట అంటె నీదే. అది పోయినా మంచిదే అన్ననంటె ఎంత భయమైతె అంటనో సూడు."

"మాట లేకుంటె నేను ఉన్నట్టేనా? షాపుల కూసోవెట్టి దండ వేస్తవా?"

"నువ్వు లేకుంటె నేనెవరి మాట వినాలె?"

నల్లా కట్టేశాను. తర్వాత ఆయన తుండు తీసుకుని కడిగిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచారు.

ఆగస్టు 13, బుధవారం

అంచు వదిలేయమని డాక్టర్‌తో చెప్పాను. నా నోటితోనే చెప్పాను. ఉన్నంత కాలం చూయించుకుంటూ ఉంటాను సార్, పెరిగితే అప్పుడు చూద్దాం, కానీ మాట్లాడుకుంటూ చూద్దాం అన్నాను.

డాక్టర్ ఆయన వైపు చూశారు. ఆయన తల ఊపారు. అంత కష్టంగా తల ఊపడం నేను ఎక్కడా చూడలేదు.

ఆపరేషన్ మధ్యలో మేలుకొలిపి మాట్లాడిస్తారట, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడానికి. ఆపకుండా మాట్లాడాలె అన్నారు. దానికి నన్ను వేరే అడగాలా అన్నాను.

ఆగస్టు 18, సోమవారం

హాస్పిటల్‌లో పడక. రేపు పొద్దున. లోయిస్ ఖైరతాబాద్ నుంచి వచ్చింది, జడ అల్లింది, రేపు కొంత గీసేస్తారని ఇద్దరికీ తెలిసినా అల్లింది.

నేను వచ్చే దాకా షాపు ఆయన చూసుకుంటారట, సెలవు పెట్టారు. ఆయన. మ్యాచింగ్ సెంటర్‌లో. ఎరుపు, పచ్చ, నీలం, మూడు రంగులు తెలుసు ఆయనకు. నాగేశ్వరికి చేతులెత్తి దండం పెట్టాను.

భయంగా లేదు అని రాయబోయాను. ఉంది.

ఆగస్టు 20, బుధవారం

ఉన్న

ఆగస్టు 22, శుక్రవారం

మాట లేదు. వాపు. పోతది అన్నరు.

ఆగస్టు 24, ఆదివారం

చీర. కత్తెర. శాంతి. శాంతిరా

ఆగస్టు 26, మంగళవారం

వచ్చేసింది. అంతా వచ్చేసింది. తడబడకుండా రాయగలుగుతున్నాను, ఇక ఆపను.

ముందు ఆపరేషన్ సంగతి. మేలుకున్నాక హరిణి మొహం కనపడింది, ఆకుపచ్చ బట్టల మధ్య. బొమ్మలు చూపించింది, పేర్లు చెప్పాను, మధ్యలో ఆ ఆకుపచ్చ ఎంత వెలిసిపోయిందో కూడా చెప్పాను. లోపల డాక్టర్ గారు తాకుతున్నట్టు తెలియదు. ఒక దగ్గర గొడుగు బొమ్మ చూస్తూ ఆగిపోయాను. మాట లేదు. ఆయన వెంటనే చెయ్యి తీశారు, మాట వచ్చింది. మ్యాప్‌లో చూపించిన చోటేనట. అక్కడ ఆపేశారు. అంచు ముక్క లోపలే ఉంది. ఉండనీ.

తర్వాత వాపు వచ్చి మాట మొత్తం పోయింది. పోతుందని ముందే చెప్పారు, తిరిగి వస్తుందని కూడా చెప్పారు. అయినా ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. నీళ్ళు కావాలంటే చెయ్యి చూపించడం. లోయిస్ ఏడవడం, నేను దాని చెయ్యి తట్టడం.

రాయాల్సింది మా ఆయన గురించి.

మాట పోయాక మొదటి రోజు సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ఎప్పటిలాగే ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేను. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఉన్న గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఆయన కుర్చీలో కదిలారు, కిటికీ చూశారు, గొంతు సవరించుకున్నారు. ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

షాపు సంగతి. పొద్దున షట్టర్ ఎత్తితే ఎలుక పరిగెత్తిందట. ఎవరో ఆడమనిషి ఫాల్ అడిగితే ఆయన ఆమె కింద పడిందేమోనని చూశారట, నాగేశ్వరి నవ్వీ నవ్వీ కూలబడిందట. మర్నాడు మళ్ళీ వచ్చారు, మళ్ళీ చెప్పారు. కోచింగ్ పిల్లలు గుమ్మంలో నిలబడి దారి ఆపుతున్నారని, వాళ్ళకు దారి ఇవ్వమని ఎలా చెప్పాలో తెలియక పక్క నుంచి వెళ్ళానని. ప్రతి సాయంత్రం ఇంకాస్త ఎక్కువ. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. మాటలు మెల్లగా, ఒక్కోటి చూసి చూసి పెట్టినట్టు ఉంటాయి.

ఈ రోజు పొద్దున సిస్టర్ ఇడ్లీ తెస్తే 'సాంబార్ వద్దు' అనేశాను. అనేశాక భయపడ్డాను. దుప్పటి కింద మెల్లగా అన్నీ చెప్పుకుని చూశాను, రంగులన్నీ, పేర్లన్నీ. ఉన్నాయి. డాక్టర్ గారు వచ్చి విని, మంచిగుంది అమ్మా అన్నారు. సాయంత్రం ఆయన రాగానే చెప్పాలని పగలంతా కాచుకుని ఉన్నాను.

ఆయన వచ్చారు. నేను నోరు తెరిచే లోపే కుర్చీ లాక్కుని మొదలుపెట్టేశారు. సరే, ఇది అయ్యాక చెబుదామని ఆగాను.

అప్పుడు షాపు సంగతి కాదు చెప్పింది.

"వర్క్‌షాప్‌ల చెవులల్ల దూది పెట్టుకుంట. దినమంత గదే సప్పుడు. ఇంటికొచ్చి దూది తీస్త. నీ మాట వినవడ్తది. అప్పుడు ఇంటికొచ్చినట్టు." నేల చూస్తూ చెప్పారు. "ఎక్కువ మాట్లాడ్తవని అందరంటరు. నేనెన్నడన్న అన్ననా?"

అనలేదు. ఎప్పుడూ అనలేదు. నా కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆయన నొప్పి అనుకుని సిస్టర్‌ను పిలవబోయారు, చెయ్యి పట్టుకుని ఆపాను. నోటితో చెప్పాల్సింది. చెప్పలేదు. వాపు వల్ల కాదు. ఇంకేమంటారో వినాలని.

మళ్ళీ షాపులోకి వెళ్ళారు. ఇవాళ గిరాకీ బాగుందట. ఒకామె నీలం పచ్చ కలిసినట్టున్న పట్టుచీర తెచ్చిందట, నాగేశ్వరి లేకపోతే ఆయనే చూసి ఇచ్చారట. గర్వంగా చెబుతున్నారు.

"అరిటాకు పచ్చ తాను తీసిచ్చిన. మంచిగనే అతికింది."

"అతకదు. దాని మీదికి రామా గ్రీన్ పడ్తది."

నా గొంతే. గది అంతా వినపడింది.

ఆయన అలాగే ఆగిపోయారు. తర్వాత అడిగారు.

"ఎప్పుడొచ్చింది?"

"పొద్దుగాల."

"మరి ఇంతసేపు?"

"నువ్వు మాట్లాడ్తున్నవు కద. వింటున్న."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కండువాతో మొహం తుడుచుకున్నారు, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నారు. ఇంకేదో చెబుతారని చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నారు, ఎప్పటిలాగే. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఆపరేషన్ సంగతి, సాంబార్ సంగతి, పక్క మంచం ఆమె కోడలి సంగతి. టైమ్ అయ్యిందని సిస్టర్ వచ్చి పంపించే దాకా నేనే మాట్లాడాను. ఆయన విన్నారు.

రామా గ్రీన్ సంగతి రేపు చెప్పాల్సింది.